ఆకుపచ్చ టిక్కును నమ్మాను... నాన్న గొంతు పోయింది

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున మా ఇంట్లో కరెంటు పోయింది. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకు ఆ వారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గ్రిడ్ మొత్తం కుప్పకూలకుండా ఉండాలని కోతలు పెట్టారు. 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపార సంస్థలు చీకట్లో ఉండిపోయాయి. మరుసటి రోజు డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారన్‌హీట్‌కు పడిపోయింది. మన లెక్కలో చెప్పాలంటే మైనస్ 19 డిగ్రీలు. పిల్లలిద్దర్నీ మధ్యలో పడుకోబెట్టుకుని, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని మూడు రాత్రులు గడిపాం. కరెంటు గంటసేపు వచ్చేది, మళ్లీ పోయేది.

మా వీధిలో చాలా ఇళ్లల్లో పైపులు పగిలాయి. మా ఇంట్లో పగల్లేదు, అదృష్టం. కానీ ఆ వారంలో నేను పోగొట్టుకున్నదాన్ని ఏ ఇన్సూరెన్సూ తిరిగివ్వలేదు. అందులో చలి తప్పు కొంతే. మిగతాదంతా నాదే.

2019 వేసవిలో అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చి ఐదు నెలలున్నారు. మాది అవనిగడ్డ. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి ఆయన అక్కడే ఉన్నారు. రోజూ పడుకునే ముందు మా పెద్దాడు "తాతయ్యా, ఇంకోటి చెప్పు" అని పట్టుబట్టేవాడు. బస్సు కబుర్లు, కృష్ణ కరకట్ట కబుర్లు, ఉప్పెన కబుర్లు. నేను పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు చేసేదాన్ని. మొత్తం 14 రికార్డింగులు.

2020 ఆగస్టులో నాన్న పోయారు. మామూలు విమానాలు నడవని రోజులవి. చివరి చూపు కూడా వీడియో కాల్‌లోనే. ఆ తర్వాత ఆ రికార్డింగులు వినే ధైర్యం రాలేదు. భద్రంగానే ఉన్నాయి కదా, మనసు కుదుటపడ్డాక విందాంలే అనుకున్నాను.

అలమరాలో మూడు డబ్బాలు

ఆ 14 రికార్డింగులూ మా ఇంటి మెట్ల కింద అలమరాలో ఉన్న చిన్న సర్వర్లలో ఉండేవి. నేను సిస్టమ్స్ ఇంజినీరుని. ఆఫీసులో వందల వర్చువల్ మెషీన్లను చూసుకోవడమే నా ఉద్యోగం. ఇంట్లోనూ ఆ సరదా వదల్లేదు. పాత మినీ పీసీలు మూడు కొని, ఒకదానికొకటి కలిపి క్లస్టర్‌గా పెట్టాను. మూడూ కలిపి 60 వాట్లకు మించవు. నెలకు ఆరేడు డాలర్ల కరెంటు.

ఈ రంగంలో లేనివాళ్ల కోసం రెండు మాటలు. మన ఊళ్లలో ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఒకే కంప్యూటర్‌ను వాటాలు చేసి వాడుకోవడమే వర్చువల్ మెషీన్. ఏ వాటా తాళం దానిదే, ఒక వాటాలోవాళ్లకు పక్క వాటాతో పనుండదు. మా ఇంట్లో ఒక వాటాలో ఫొటోలు, వీడియోలు. ఇంకోదాంట్లో టాక్సు కాగితాలు, ఇమిగ్రేషన్ పత్రాలు. మరోదాంట్లో ఇంటి కెమెరాలు.

ఒక్క కంప్యూటరే ఉంటే అది పాడైన రోజు వాటాలన్నీ మూతపడతాయి. అందుకే మూడు. ఒకటి ఆగిపోతే అందులోని మెషీన్లను మిగతా రెండూ పైకి లేపుతాయి. రెండు కాకుండా మూడే ఎందుకంటే, ఇక్కడ పంచాయితీ తీర్పులా మెజారిటీ కావాలి. రెండే ఉండి వాటి మధ్య వైరు తెగితే, అవతలిది చచ్చిపోయిందని ఎవరికి వారు అనుకుని, ఒకే మెషీన్‌ను ఇద్దరూ నడపడం మొదలెడతారు. అప్పుడు డేటా నాశనమవుతుంది. మూడింట్లో రెండు కలిసి ఉంటేనే పని సాగుతుంది, ఒంటరిగా మిగిలింది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దీన్నే కోరమ్ అంటారు.

నేను వాడేది ప్రాక్స్‌మాక్స్. వియన్నాలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, 2008 నుంచి ఉంది. డిస్కులోని ప్రతి ముక్కా మూడు డబ్బాల్లో మూడు కాపీలుగా ఉండేలా సెఫ్ అనే పద్ధతి పెట్టుకున్నాను. అది చాలదన్నట్టు రోజూ రాత్రి రెండు గంటలకు అన్ని మెషీన్లనూ వేరే నాస్ డబ్బాలోకి బ్యాకప్ తీసే ఏర్పాటు. పొద్దున్నే ఈమెయిల్ వచ్చేది. అన్నిటికీ ఆకుపచ్చ టిక్కు. పదకొండు నెలలు, ఒక్కరోజు తప్పకుండా.

ఆ ధైర్యంతోనే 2020లో కొత్త ఫోన్ కొన్నప్పుడు, పాతదాన్ని తుడిచేసి ఎక్స్చేంజికి ఇచ్చేశాను.

104 అని టైప్ చేశాను

కరెంటు నిలకడగా వచ్చాక గురువారం రాత్రి సర్వర్లన్నీ లేపాను. చిన్న యూపీఎస్ బ్యాటరీ ఇరవై నిమిషాలకు మించి ఆగేది కాదు. అది అయిపోగానే మూడు డబ్బాలూ టక్కున ఆగిపోయేవి. అలా ఎన్నిసార్లు ఆగాయో లెక్కలేదు. అయినా క్లస్టర్ కోలుకుంది. ఫొటోల మెషీన్ ఒక్కటే మొండికేసింది. బూట్ అవుతూ మధ్యలో ఫైల్ సిస్టమ్ ఎర్రర్లు చూపించి ఆగిపోతోంది.

అప్పటికి రాత్రి పన్నెండు దాటింది. మూడు రోజులుగా సరైన నిద్ర లేదు. నిదానంగా కూర్చుంటే సరిచేయగలిగేదాన్నే. కానీ, "బ్యాకప్ ఉందిగా, ఇది తీసేసి అది పెడితే పది నిమిషాల పని" అనిపించింది. మెషీన్‌ను తీసేయమంటే ప్రాక్స్‌మాక్స్ ఊరికే తీసేయదు. దాని నంబరు మన చేత్తో టైప్ చేయమంటుంది. 104 అని టైప్ చేశాను. మూడు డబ్బాల్లోని మూడు కాపీలూ క్షణంలో పోయాయి.

రీస్టోర్ ఏ ఎర్రరూ లేకుండా అయింది. మెషీన్ చక్కగా లేచింది. లాగిన్ అయ్యాను. ఫొటోల ఫోల్డరు తెరిచాను. ఖాళీ.

కారణం తెలియడానికి అయిదు నిమిషాలు పట్టింది, నమ్మడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఆ మెషీన్‌కు రెండు డిస్కులు. మొదటిదాంట్లో సాఫ్ట్‌వేర్, రెండోదాంట్లో ఫొటోలు, వీడియోలు, నాన్న గొంతు. రెండో డిస్కు చేర్చిన రోజున నాస్‌లో చోటు తక్కువగా ఉంది. పెద్దది కొన్నాక పెడదాంలే అని ఆ డిస్కు సెట్టింగులో 'బ్యాకప్' అన్న టిక్కును నేనే తీసేశాను. పెద్దది కొన్నాను. టిక్కు సంగతి మర్చిపోయాను.

పాత లాగ్‌లు తెరిచి చూస్తే ప్రతి రాత్రీ ఒక లైను ఉంది: రెండో డిస్కును మినహాయిస్తున్నాను అని. పదకొండు నెలలపాటు అది రోజూ నాకు చెబుతూనే ఉంది. ఈమెయిల్లో పచ్చ రంగు చూసి ఆగిపోయాను తప్ప, ఒక్కనాడూ కిందికి చదవలేదు. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. నేను చెప్పిందే చేసింది. దీపం కింద చీకటి అంటారే, ఆఫీసులో అందరికీ బ్యాకప్ పాఠాలు చెప్పే నా ఇంట్లో జరిగింది ఇది.

నకలు వేరు, బ్యాకప్ వేరు

ఆ రాత్రి నాకు తెలిసొచ్చినవి కొత్త విషయాలేం కావు. మూడు కాపీలు అన్నవి డిస్కు చెడిపోతే ఆదుకుంటాయి. మన చేతి తప్పునుంచి ఆదుకోవు. ఒకచోట చెరిపితే మూడుచోట్లా చెరిగిపోవడమే వాటి పని. స్నాప్‌షాట్ కూడా అంతే. అది అదే డిస్కు మీద ఉంటుంది, డిస్కుతోపాటే పోతుంది. వేరే పెట్టెలో, వేరే చోట ఉండి, పాత తేదీకి వెనక్కి వెళ్లగలిగేదే బ్యాకప్. అదైనా ఒకసారి తిరిగి తెరిచి చూసేదాకా ఉందో లేదో తెలియదు.

పెద్ద పెద్ద సంస్థలకే తప్పలేదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ ఇంజినీరు ఒకరు పొరపాటున వేరే సర్వర్లో డేటాబేస్ ఫైళ్లు చెరిపేశారు. చూస్తే, పెట్టుకున్న అయిదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ దొరకబట్టి బయటపడ్డారు. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పింది. నాకు దాన్నుంచి దొరికిన ఓదార్పు కంటే పాఠమే ఎక్కువ. అలసిపోయిన అర్ధరాత్రి ఏదీ చెరపకూడదు.

అంతకుముందు కథ ఇంకొకటుంది. 1998లో పిక్సార్‌లో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా ఎవరో ఇచ్చిన ఒక కమాండ్‌తో సినిమా ఫైళ్లు చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ టేపులు చూస్తే అవి సరిగ్గా లేవు. ఆ సినిమా సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సుస్మన్ అప్పుడే బిడ్డ పుట్టి ఇంటి నుంచి పనిచేస్తున్నారు. ఆమె ఇంటి కంప్యూటర్లో ఒక కాపీ ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగా స్టూడియోకు తెచ్చుకున్నారు.

నాకూ అలాంటి ఇళ్లే దిక్కయ్యాయి. తెల్లవారాక విజయవాడలో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశాను. "నువ్వే పంపావుగా అప్పట్లో వాట్సాప్‌లో, నా దగ్గరున్నాయి" అన్నాడు. తొమ్మిది దొరికాయి. పిల్లల పాత ట్యాబ్లెట్లో ఇంకో రెండు. మొత్తం పదకొండు. ఫొటోలు చాలావరకు బంధువుల దగ్గర్నుంచి పోగుచేసుకున్నాం, నాణ్యత తగ్గినా ఉన్నాయి.

మూడు రికార్డింగులు పోయాయి. అందులో ఒకటి ఉప్పెన కబురు రెండో భాగం. మొదటి భాగం సాయంత్రం గాలి మొదలవడం దగ్గర ఆగిపోతుంది. "ఇక చూడు నాన్నా, అప్పుడు..." అంటూ ఉండగా అయిపోతుంది.

ఇప్పుడు ఎలా చేస్తున్నాం

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మా రంగంలో అందరికీ తెలుసు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. ఇంటి బయట అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. మా ఇంటి ఘటన జరిగిన మూడు వారాలకే, 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది. కాపీ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు.

నా ఇంటి బయటి కాపీ న్యూజెర్సీలో ఒక స్నేహితురాలి ఇంట్లో ఉంది. ఆమె కాపీ మా ఇంట్లో ఉంది. టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి సొంత గ్రిడ్, న్యూజెర్సీది వేరు. ఒకే తుపాను, ఒకే కరెంటు కోత రెండింటినీ ఒకేసారి కొట్టడం అరుదు. మొదటి కాపీ ఇంటర్నెట్‌లో పంపితే వారాలు పట్టేది. థ్యాంక్స్‌గివింగ్‌కు వెళ్లినప్పుడు డిస్కును హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తీసుకెళ్లాను. ఇప్పుడు రోజూ మారిన ముక్కలు మాత్రమే వెళ్తాయి. ప్రాక్స్‌మాక్స్ వాళ్లదే బ్యాకప్ సర్వర్ ఆ పని చేస్తుంది. ఒకేలా ఉన్న ముక్కలను ఒక్కసారే దాచుకుంటుంది కాబట్టి చోటూ తక్కువే పడుతుంది. డేటా తాళం వేసి వెళ్తుంది. నా ఫొటోలు ఆమె చూడలేదు, ఆమెవి నేను చూడలేను.

ఆ తాళంచెవి ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. అది ఆ సర్వర్లోనే ఉంటే, ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టు. మేం దాన్ని ప్రింటు తీసి పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టాం.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు మొదటి ఆదివారం పని. ప్రతి నెలా మొదటి ఆదివారం టిఫిన్లయ్యాక ఏదో ఒక మెషీన్‌ను బ్యాకప్ నుంచి కొత్త నంబరు మీద లేపుతాను. నెట్‌వర్క్ వైరు తీసేసి లేపాలి, లేకపోతే అసలు మెషీన్, నకిలీ మెషీన్ ఒకే అడ్రసు కోసం కొట్టుకుంటాయి. లేచాక పిల్లల్ని పిలిచి ఏదో ఒక తేదీ చెప్పమంటాను. ఆ తేదీ ఫొటో తెరుచుకుంటేనే పరీక్ష పాసయినట్టు. ఎంతసేపు పట్టిందో పుస్తకంలో రాసుకుంటాం. ఆ తర్వాతే తాత్కాలిక మెషీన్‌ను తీసేస్తాం.

ఏడాది కిందట ఆ పని మా ఆయన చేత చేయించాను. ఆయనది అకౌంట్స్ రంగం, సర్వర్ల జోలికి రారు. నేను రాసిన కాగితం చేతికిచ్చి, "నేను లేననుకుని చేయండి" అన్నాను. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయారు. తాళంచెవికి ఇంకో పాస్‌వర్డ్ ఉందని నేను రాయలేదు, నాకు అలవాటు కాబట్టి తట్టలేదు. కాగితం తిరగరాశాం. రెండోసారి ఆయనే పూర్తిచేశారు. మన ఇళ్లల్లో చాలావరకు ఇలాంటి పనులు ఒక్కరికే తెలుస్తాయి. ఆ ఒక్కరు ఆసుపత్రిలో ఉన్నా, ఇండియాలో ఇరుక్కుపోయినా టాక్సు కాగితాలు, ఐ-797 నోటీసులు ఎవరు తీస్తారు?

ఇల్లు మారేటప్పుడు జాగ్రత్త

ఇప్పుడు ఇదంతా రాయడానికి ఇంకో కారణముంది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనుక్కుంది. ఆ మరుసటి నెలే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, అంతా సబ్‌స్క్రిప్షన్‌కు మార్చింది. అప్పటినుంచి చిన్న కంపెనీలు నడుపుకునే మనవాళ్లు, ఇంట్లో సరదాగా సర్వర్లు పెట్టుకున్నవాళ్లు ప్రాక్స్‌మాక్స్ వంటివాటికి మారుతున్నారు. వారాంతాల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం వీటి గురించే. "అక్కా, మెషీన్లన్నీ మార్చేశాం, బాగా నడుస్తున్నాయి" అంటారు. మెషీన్లు కొత్తింటికి వస్తాయి. బ్యాకప్ ఏర్పాట్లు మాత్రం పాతింట్లోనే ఉండిపోతాయి. మారిన వారంలోనే ప్రతి మెషీన్‌కూ ఎన్ని డిస్కులున్నాయో, అన్నిటికీ టిక్కు ఉందో లేదో చూడండి. ఒక్కదాన్నైనా తిరిగి లేపి చూడండి. అది అయ్యేదాకా పాత డిస్కులు తుడవకండి.

సర్వర్లు గట్రా లేనివాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఐక్లౌడ్ ఫొటోలు అన్ని పరికరాల్లో ఒకేలా ఉంటాయి. ఫోన్లో చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది, 30 రోజులు చెత్తబుట్టలో ఉండి ఆ తర్వాత శాశ్వతంగా పోతుంది. అది మా మూడు డబ్బాల్లాంటిదే. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ దసరాకూ అనుకోండి, ఒక బయటి హార్డ్‌డిస్కులోకి అన్నీ దించుకుని, ఇండియా వెళ్లినప్పుడు ఒక కాపీ అన్నదమ్ముల ఇంట్లో పెట్టిరండి. పెట్టే ముందు ఓ నాలుగు ఫొటోలు తెరిచి చూడండి.

మన భాషకే ఇలాంటి మేలు ఒకటి జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో ఎదిగి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకు సారథ్యం వహించారు. దాంతో ముడిపడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ పాత వెబ్‌సైటు తర్వాత మూగబోయింది. కానీ చాలా పుస్తకాల కాపీలు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి కాబట్టి, ఇవాళ మనం డాలస్‌లో కూర్చుని వాటిని చదువుకోగలుగుతున్నాం.

పోయిన ఆ మూడు రికార్డింగులు తిరిగి రావు. 2023లో అమ్మ వచ్చినప్పుడు మా పెద్దాడు అడిగాడు, "నానమ్మలకి చెప్పినట్టు కాదు అమ్మమ్మా, తాతయ్య చెప్పినట్టు చెప్పు, గాలి మొదలయ్యాక ఏమైంది" అని. అమ్మ ఆ కబురు నాన్న నోట ఎన్నిసార్లు విన్నదో. తనకు గుర్తున్నట్టు చెప్పింది. మధ్యమధ్యలో "మీ తాతయ్యయితే ఇక్కడ చెయ్యి ఇలా ఊపేవారు" అంటూ ముప్పై నిమిషాలు చెప్పింది. రికార్డు చేశాను. ఆ రాత్రే మూడుచోట్లకు పంపాను. పైనెల మొదటి ఆదివారం న్యూజెర్సీ కాపీ నుంచి దాన్ని వెనక్కి తెచ్చి, అందరం కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నాం.